వెళ్ళొచ్చా అని అడగాలి

పేరేంటి నాయనా అని అడిగాను, చెప్పలేదు. ఏ పోలీస్ స్టేషనండి మీది అని అడిగాను, నవ్వి, కిటికీ పక్కన కూర్చోండమ్మా, గాలొస్తుంది అన్నాడు. ఈ అబ్బాయిని ఎందుకు తీసుకెళ్తున్నారయ్యా అంటే ఏం లేదమ్మా, చిన్న మాట. ఎక్కడికి అంటే ఇదిగో, తెనాలి దాకా. లాయరు హైమావతిగారు బాపట్లలో క్లాసు పెట్టి నేర్పిన ప్రశ్నలన్నీ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదానిలా గబగబా అడిగేశాను. అన్నిటికీ మర్యాదగా బదులిచ్చాడు, ఒక్కదానికీ జవాబు లేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. శేషారత్నం నోరు విప్పిందంటే మా ఊళ్ళో పంచాయతీ ప్రెసిడెంటు కూడా పక్కకి తప్పుకుంటాడు. ఇలా అమ్మా అమ్మా అంటూ ప్రతి మాటకీ అండీ తగిలించేవాడితో ఎలా పోట్లాడాలో నాకెవరూ నేర్పలేదు. రైలు రేపల్లె దాటింది. ఎదురు సీట్లో మధ్యన ఫరూక్, అతనికి అటు ఈ మర్యాదస్తుడు, ఇటు ఇంకొకడు. ఆ రెండోవాడు రైలెక్కిన దగ్గర్నుంచి పెదవి విప్పలేదు. ఇద్దరివీ మామూలు చొక్కాలే, కాళ్ళకి మాత్రం పోలీసుల ఎర్రబూట్లు. ఫరూక్ చేతులకి బేడీలు లేవు. బేడీలు వెయ్యకూడదని కూడా హైమావతిగారు చెప్పింది, వెయ్యలేదు కాబట్టి సంతోషించాలేమో, ఏమో, నాకు సంతోషం రావడంలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు ఫరూక్, గోళ్ళ సందుల్లో మా మోటారు గ్రీజు ఇంకా అలాగే ఉంది.

నేను వెళ్ళింది ఆ మోటారు కోసమే. ఇవాళ బిగించి ఇస్తానన్నాడని బస్సు దిగి తిన్నగా అతని కొట్టుకే వెళ్ళాను. తలుపులు బార్లా తీసున్నాయి, బల్ల మీద మోటారు సగం విప్పి ఉంది, మనిషి లేడు. పక్క కొట్టాయన గొంతు తగ్గించి, ఎవరో ఇద్దరొచ్చారమ్మా, కలిసి టీ తాగారు, రైలు స్టేషను వైపు నడిపించుకెళ్ళారు అన్నాడు. టీ తాగారట! చుట్టాలొచ్చినట్టు వచ్చి టీ తాగి మరీ పట్టుకెళ్ళారు. ఈ మోకాళ్ళతో పరుగు ఎలా తీశానో ఆ దేవుడికే తెలియాలి. ప్లాట్‌ఫారం మీద నన్ను చూసి ఫరూక్, జీపు రిపేర్లో ఉందటక్కా, నాకిస్తే నేనే చేసిపెట్టేవాణ్ణి అన్నాడు. ఓరి నీ అసాధ్యం కూలా, ఇప్పుడా హాస్యం. రైలు కదిలేలోపు కాయిన్ బాక్సు నుంచి తెనాలికి ఫోన్ చేశాను. హైమావతిగారు కోర్టులో ఉన్నారండి, రాగానే చెప్తాను అన్నాడు ఆవిడ గుమాస్తా. రాగానే కాదు నాయనా, నువ్వే పరిగెత్తి చెప్పు, మన ఫరూక్‌ని రేపల్లె ప్యాసింజర్లో తీసుకొస్తున్నారు, స్టేషనుకి రమ్మను అన్నాను. అలాగేనండి అన్నాడు, అంతలో కట్టయింది. విన్నాడో లేదో, విన్నది చెప్తాడో లేదో. ఇక నేను చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది. పట్టుకెళ్ళే మనిషిని కళ్ళ ముందు నుంచి తప్పిపోనివ్వకండి అంది హైమావతిగారు క్లాసులో, ఎవరో ఒకరు వెంట వెళ్ళండి, ఏమీ చెయ్యలేకపోయినా సరే, చూస్తూ ఉండండి. అందుకని చూస్తున్నాను. రెప్ప వేస్తే పోతాడేమోనని కళ్ళు మండేలా చూస్తున్నాను.

పల్లికోన. ఎవరో బియ్యం బస్తా ఎక్కించారు, అది నా కాళ్ళకి అడ్డం. కిటికీ బయట నాట్లు పడిన చేలు పచ్చగా ఉన్నాయి, ఈ ఏడు వానలు బాగానే పడ్డాయి, పై ఊళ్ళవాళ్ళకి ఏం లోటు. మాది కాలువ చివరి ఊరు, మా దాకా వచ్చేసరికి నీళ్ళుండవు, వచ్చినవీ ఇప్పుడు మావి కావు. బసవేశ్వరరావు మా పొలాల పక్కన రొయ్యల చెరువులు తవ్వించాక మొదట నాకు తెలిసింది పప్పు దగ్గర. కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకలేదు. పప్పు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టాను, పాపం. తర్వాత నిమ్మచెట్టు ఆకు రాల్చింది, తర్వాత గేదె కుడితిలో మూతి పెట్టి తీసేసింది. మోటారు పాడైతే ఫరూక్ వచ్చి విప్పి చూసి, ఇంత తుప్పు మంచినీళ్ళలో పట్టదండి అక్కగారూ, మీ కింద ఉప్పునీళ్ళు దిగుతున్నాయి, ఈ పక్క ఊళ్ళన్నిట్లో ఇదే వరస అన్నాడు. అప్పుడు నేనే అన్నాను, మరి అందరికీ చెప్పవయ్యా అని. నువ్వు ఊరూరా తిరుగుతావు, నీ మాట వింటారు, చెప్పు. చెప్పాడు. మోటారు విప్పిన ప్రతి ఇంట్లో చెప్పాడు. ఆ తర్వాత సంతకాలు, ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చోవడాలు, ఖాళీ బిందెలతో ఊరేగింపు. పోయిన వారం వానకి బసవేశ్వరరావు చెరువు గట్టు తెగింది. వానకే తెగింది, నేను చూశాను, మా ఊరంతా చూసింది. ఫరూకే తెగ్గొట్టాడని కంప్లయింట్ ఇచ్చాడట. ఆ పొద్దున గట్టు మీద మేం అందరం ఉన్నాం. నేనున్నాను, మా తోటికోడలు ఉంది, పాలకేంద్రం అబ్బాయిలున్నారు. మరి మమ్మల్నెవర్నీ పట్టుకోలేదేంటి?

అదే అడిగాను ఇందాక. గట్టు గొడవ అయితే నేనూ ఉన్నాను, నన్నూ పట్టుకోండి అన్నాను. మిమ్మల్నెందుకండి అన్నాడు మర్యాదస్తుడు, నొచ్చుకున్నట్టు. ఎందుకంటే ఏం చెప్తాను. నేను రాఘవయ్యగారి భార్యని, బసవేశ్వరరావు మా వాళ్ళకి దూరపు వియ్యంకుడు, మా ఇంటి ముందు ఎవరు ఆగినా చెప్పులు విడిచి లోపలికొస్తారు. మా ఆయన రోజూ అంటాడు, అడుసు తొక్కనేల కాలు కడగనేల, నీకెందుకే ఈ గోల అని. అడుసు ఇద్దరం తొక్కాం, కాళ్ళు మాత్రం అతనివే పట్టుకున్నారు. ఈయన మీకేమవుతాడమ్మా అని ప్లాట్‌ఫారం మీద అడిగితే మా తమ్ముడు అన్నాను. అలాగే అంటాం కదా, నన్ను అక్కా అనేవాణ్ణి తమ్ముడనక ఏమంటాను. అతను ఫరూక్ మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూసి, ఆయన పేరు ఫరూక్ కదమ్మా అన్నాడు. అయితే ఏంటి అన్నాను. ఏం లేదండి, ఏదో రాసుకోవడానికి అన్నాడు, రాసుకోలేదు.

బాపట్లలో ఆ రోజు ఎంత బాగుంది! మేడ మీద హాలు, ఫ్యాను గాలి, సాంబారన్నం తిన్నాక అందరికీ నిద్ర ముంచుకొస్తోంది. మేం రొయ్యల చెరువులవాళ్ళం, చీరాల వైపు రామాపురం నుంచి సముద్రం ఒడ్డు గొడవలవాళ్ళు, అంతా కలిపి ఒక ముప్పై మందిమి. హైమావతిగారు గట్టిగా చప్పట్లు కొట్టి, లేవండి లేవండి, ఇప్పుడు నాటకం అంది. పోలీసులొచ్చారు, మీరేం చేస్తారో చేసి చూపించండి. రామాపురం జకరయ్యని ఎస్సైగా నిలబెట్టింది, ఫరూక్‌ని ముద్దాయిగా. జకరయ్య అరుస్తాడని మేం కాచుక్కూచుంటే అతను కుర్చీలాక్కుని కూర్చుని, తమ్ముడూ కాస్త మంచినీళ్ళియ్యి అన్నాడు. ఫరూక్ పరిగెత్తి తెచ్చాడు. హాలంతా ఒకటే నవ్వు. అది కాదయ్యా, కొంచెం గద్దించు అంది హైమావతిగారు. నన్ను పట్టుకెళ్ళినప్పుడు అలాగే అడిగారండి, నీళ్ళిచ్చినవాడితో పోట్లాడలేం కదండి అన్నాడు జకరయ్య. ఆవిడ మళ్ళీ మొదలెట్టింది. ఎందుకు అని అడగాలి. పేరడగాలి. చదవకుండా సంతకం పెట్టకూడదు. అరెస్టు చేశామంటే ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, మర్నాటికల్లా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. చెయ్యలేదంటే, అయితే నేను వెళ్ళొచ్చా అని అడగాలి. వెళ్ళొచ్చంటే కంగారుపడకుండా, పరిగెత్తకుండా, మామూలుగా నడిచి వెళ్ళిపోవాలి. ఇదొక్కటి బాగా గుర్తుపెట్టుకోండి అంది. వెళ్ళొచ్చాండి అని ఫరూక్ వినయంగా అడిగితే జకరయ్య వెళ్ళు నాయనా వెళ్ళు అన్నాడు. ఫరూక్ తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి మాకందరికీ సలాం పెట్టాడు. పర్వీన్ కూడా వచ్చింది ఆ రోజు, వాళ్ళ పుట్టిల్లు బాపట్లే కదా, మొగుడు ముద్దాయి వేషం వేస్తుంటే చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు నెలలు నిండి ఆ పుట్టింట్లోనే ఉంది. ఆ పిల్లకి ఎవరు చెప్తారు, ఏమని చెప్తారు.

భట్టిప్రోలులో రైలు చాలాసేపు ఆగింది. మర్యాదస్తుడు వేరుశనక్కాయలు కొన్నాడు, పొట్లం విప్పి ముందు నాకు పట్టాడు, నేను వద్దన్నాను, ఫరూక్‌కి పట్టాడు. ఫరూక్ కొన్ని తీసుకున్నాడు. ఆకలేసిందేమో. లేక వద్దంటే బాగుండదనుకున్నాడేమో, మనకదో జబ్బు కదా, పెట్టినవాడి చెయ్యి తోసెయ్యలేం. తింటుండగానే మెల్లిగా అడిగాడు అతను, హైదరాబాదులో చుట్టాలెవరైనా ఉన్నారా ఫరూక్‌గారూ అని. కాయ వలుస్తున్న ఫరూక్ చేతులు ఆగిపోయాయి. పోయిన నెలలోనే కదా అక్కడ బాంబులు పేలింది, పేపర్ల నిండా అదే, టీవీల నిండా అదే. మా బాబాయి కొడుకున్నాడండి, బేకరీలో పని అన్నాడు ఫరూక్. ఏ బేకరీ? తెలియదండి. చూడ్డానికి వెళ్తుంటారా? ఒకసారి వెళ్ళానండి, పెళ్ళికి. ఏ నెల? అయ్యో దేవుడా. నాకు అప్పుడు తెలిసింది ఇది గట్టు గొడవ కాదని, గట్టు వంక మాత్రమేనని, ఏ వంకతో తీసుకెళ్ళినా ఎక్కడిదో ఒక ముడి తెచ్చి ఈ అబ్బాయి మెడకి వెయ్యొచ్చని. ఇతన్ని అరెస్టు చేశామని ఒక్కరు అంటే చాలు, దానికో తేదీ ఉంటుంది, కోర్టుంటుంది, హైమావతిగారు నిలబడి అడగడానికి ఒక చోటుంటుంది. అనకపోతే ఇతను ఎక్కడా లేడు. కొట్లో లేడు, స్టేషన్లో లేడు, రేపటి నుంచి ఎవర్ని అడిగినా మాకు తెలియదంటారు.

అప్పుడు నా నోరు దానంతటదే ఒక ప్రశ్న అడిగింది, హైమావతిగారు నేర్పనిది. మీదే ఊరు నాయనా అన్నాను. నందివెలుగండి అన్నాడు అతను వెంటనే, కాయ నోట్లో వేసుకుంటూ. పేరు దాచినవాడు, స్టేషను దాచినవాడు, ఊరు మాత్రం ఠక్కున చెప్పేశాడు. నందివెలుగులో ఎవరి తాలూకు? చెప్పాడు. అంటే మీ అమ్మ పేరు? సామ్రాజ్యం అండి. ఓరినాయనో, మా సామ్రాజ్యక్కయ్య కొడుకువా నువ్వు! మా పెదనాన్న మనవడివా! చిన్నవాడివి కదూ, వెంకటకృష్ణయ్యవి, మీ తాత పేరు పెట్టారు, నీ పుట్టువెంట్రుకలకి వచ్చాను నేను, గుక్కపట్టి ఏడిచావు. అతను నోరు తెరిచి నవ్వాడు, చెవులు కూడా ఎర్రబడ్డాయి. శేషారత్నం అంటే నువ్వేనా పిన్నీ, అమ్మ ఇప్పటికీ అంటుంటుంది నీ గురించి అన్నాడు. నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. చట్టం అడిగితే రానిది చుట్టరికం అడిగితే అరనిమిషంలో వచ్చింది. పేరు, ఊరు, ఇంటిపేరు, తల్లి, తాత. ఇంకెక్కడికి పోతావురా, నందివెలుగు వచ్చి మీ అమ్మ ముందు కూర్చుంటాను అనుకున్నాను. అయితే ఒరేయ్ అబ్బాయ్, వీడు నాకు తమ్ముడని చెప్పానుగా, అంటే నీకు మేనమామ అవుతాడు, మేనమామకిచ్చే మర్యాద ఇదేనా అన్నాను. బియ్యం బస్తా అతను నవ్వాడు, పక్క సీట్లో ఆడవాళ్ళు నవ్వారు, వెంకటకృష్ణయ్య పగలబడి నవ్వి ఫరూక్ భుజం మీద చెయ్యేసి, అయితే పద మామా అన్నాడు. ఫరూక్ కూడా నవ్వాడు. ఆ రెండోవాడొక్కడే నవ్వలేదు, వేమూరు వస్తోందన్నాడు. అతను మాట్లాడగా వినడం అదే మొదలు.

వేమూరు దాటాక ఇక మొహమాటం ఎందుకని సూటిగా అడిగాను.

"ఒరేయ్ కృష్ణయ్యా, నిజం చెప్పు. అరెస్టు చేశారా వీణ్ణి?"

"అరెస్టేంటి పిన్నీ? ఎవరన్నారు? కేసే లేదు."

"మరైతే ఈ తీసుకెళ్ళడం ఏంటి?"

"ఊరికే. మాతో వచ్చాడంతే. రమ్మన్నాం, వచ్చాడు. టీ కూడా ఆయనే పోయించాడు."

ఫరూక్ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బాపట్లలో హైమావతిగారు ఆ మాట నేర్పుతున్నప్పుడు నోట్లో వల్లించుకుంటూ అలాగే చూశాడు నా వైపు. గొంతు సవరించుకుని, చొక్కా మీది పొట్టు దులుపుకుని, ఎంత నెమ్మదిగా అడిగాడో.

"అయితే నేను వెళ్ళొచ్చాండి?"

"వెళ్ళొచ్చు," అన్నాడు వెంకటకృష్ణయ్య. "ఎవరు ఆపారు? ఏ స్టేషన్లో దిగుతావో నీ ఇష్టం. తలుపు తీసే ఉంది."

అంతే. మళ్ళీ పొట్లంలోకి చూసుకుంటున్నాడు. ముందు నాకు సంతోషం వేసింది, నిజం, గెలిచామనుకున్నాను, హైమావతమ్మా నీ కడుపు చల్లగా అనుకున్నాను. తర్వాత ఆ రెండోవాడు లేచాడు. ఏమీ హడావిడి లేదు, ఒళ్ళు విరుచుకుని లేచి, మెల్లిగా నడిచి తలుపు పక్కన ఆనుకుని నిలబడ్డాడు. దారికి అడ్డంగా కాదు, దారి వదిలి నిలబడ్డాడు. చొక్కా బయటికి వేసుకున్నాడు, గాలికి అది ఎగిరినప్పుడు నడుము దగ్గర ఎత్తుగా ఏదో కనిపించింది, చెయ్యి దాని మీద వేసుకున్నాడు. జంపని వచ్చింది, ఆగింది, కదిలింది. ఫరూక్ లేవలేదు. ఆలోచిస్తున్నాడు. నేనూ ఆలోచిస్తున్నాను. మేం రోజూ చదివే పేపర్లోనే కదా వస్తుంది, తప్పించుకుని పారిపోతుండగా, అని మొదలవుతుంది, ఎప్పుడూ అదే మాట. టీ తాగుతూ చదివేసి పేజీ తిప్పేస్తాం. పారిపోవడం అంటే ఏంటి, పరిగెత్తడమా? నడిచి వెళ్తే పారిపోవడం కాదా? నడిచాడో పరిగెత్తాడో చెప్పేదెవరు, చేలో ఉన్న కొంగలా? నేను చెప్తాను, నేను చూశానని చెప్తాను. నేను ఎవర్ని? అక్కనని అబద్ధం చెప్పినదాన్ని. కృష్ణయ్యా, నీ మొహంలోకి చూస్తున్నాన్రా, సామ్రాజ్యక్కయ్య ముక్కే, సామ్రాజ్యక్కయ్య కళ్ళే, నువ్వు మంచివాడివో కాదో ఆ మొహం మీద నాకేమీ కనిపించడంలేదు. వెళ్ళొచ్చన్నది నిజంగా అన్నావేమో. పాపం నిజంగానే వదిలేద్దామనుకున్నావేమో, పిన్నిని చూసి. ఏమో. అడిగితే ఛ, అవేం మాటలు పిన్నీ అంటావు, ఇంకేమంటావు.

చినరావూరులో బండి ఆగింది. చిన్న స్టేషను, ముగ్గురో నలుగురో దిగారు, అవతల అంతా వరిచేలు, మధ్యలో ఒక గట్టు, గట్టు మీద మనిషి లేడు. బండి ఎంతో సేపు ఆగదిక్కడ. ఫరూక్ లేచాడు. నేర్చుకున్నట్టే లేచాడు, కంగారు లేకుండా, మామూలుగా. వస్తానండి అన్నాడు వెంకటకృష్ణయ్యతో. మంచిది అన్నాడు వెంకటకృష్ణయ్య. తలుపు దగ్గరివాడు ఇంకాస్త ఒదిగి దారిచ్చాడు. ఒక్క అడుగు వేశాడు ఫరూక్, రెండో అడుగు వేసేలోపు నేను అతని మణికట్టు పట్టుకున్నాను. రెండు చేతులా పట్టుకుని గుంజాను, బస్తా మీద పడబోయి నా పక్కన కూలబడ్డాడు. మా ఆయన చెయ్యి తప్ప ఇంకో మగవాడి చెయ్యి నేను ముట్టుకున్నది లేదు, రైల్లో అందరూ చూస్తున్నారు, చూడనీ. వదులక్కా, వెళ్ళొచ్చన్నారుగా అన్నాడు ఫరూక్, నా చెవి దగ్గర, చిన్నపిల్లాడిలా. వెళ్ళొద్దు అన్నాను. హక్కుందక్కా అన్నాడు. ఉందిరా నాయనా, ఉంది, నాకూ తెలుసు, కూర్చో. కూత వేసింది. గట్టు వెనక్కి పోయింది. అతని చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఇక తెనాలి ఎంతలో వస్తుంది. హైమావతిగారు ఉంటుంది, నల్లకోటుతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది, ఆవిడ చేతిలో ఈ చెయ్యి పెట్టేస్తే నా పని అయిపోతుంది. ఒకవేళ దిగనిచ్చి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదేమో, ఆ గట్టు మీద నడిచి రోడ్డెక్కి బస్సెక్కి సాయంత్రానికి బాపట్లలో పర్వీన్ దగ్గర ఉండేవాడేమో. నేనే ఆపానేమో. ఆపకపోతే ఇప్పటికి ఆ వరిలో పడి ఉండేవాడేమో. ఏది నిజమో ఇంక నాకు ఎప్పటికీ తెలియదు. రైలు మలుపు తిరిగింది, ఇళ్ళొచ్చాయి, సినిమా పోస్టర్లొచ్చాయి, ప్లాట్‌ఫారం వచ్చింది. కిటికీలోంచి వెతికాను. పూలబుట్టలు, కూలీలు, కాలేజీ పిల్లలు, నల్లకోటు కనిపించింది, తీరా చూస్తే టికెట్ కలెక్టరు. బండి ఆగింది. గేటు అవతల తెల్లటి జీపు, స్టార్టు చేసే ఉంది. ప్లాట్‌ఫారం మీద ఇంకో ఇద్దరు ఎర్రబూట్లవాళ్ళు మా పెట్టె వెతుక్కుంటూ వస్తున్నారు. జనం దిగిపోయారు, బస్తా దిగిపోయింది. నేను లేవలేదు, వాళ్ళూ నన్ను తొందరపెట్టలేదు, వంగి నా మొహంలోకి చూశాడు వెంకటకృష్ణయ్య.

"ఇంక వదులు పిన్నీ."

"ఎక్కడికిరా?"

"చెప్తాం. ముందు వదులు, అందరూ చూస్తున్నారు."

వదల్లేదు. హైమావతి వచ్చేదాకా వదలను అన్నాను, అరిచాను, నా నోరు ఎంత పెద్దదో అంతా పెట్టి అరిచాను, దూరంగా కూలీలు ఆగి చూసి మళ్ళీ నడిచారు. వాళ్ళెవరూ ఫరూక్ మీద చెయ్యి వెయ్యలేదు. ఊరికే నిలబడ్డారు. ఆఖరికి ఫరూకే రెండో చేత్తో నా వేళ్ళు విప్పాడు, గాజు పగలకుండా మెల్లిగా, నట్టు విప్పినట్టు ఒక్కొక్కటే. పర్వీన్‌కి నువ్వే చెప్పక్కా, ఫోన్లో కాదు, వెళ్ళి చెప్పు అన్నాడు. నలుగురి మధ్యన నడిచి వెళ్ళి జీపెక్కాడు. నేను వెనకాల గేటు దాకా వెళ్ళాను. వెంకటకృష్ణయ్య అటు వెళ్ళినవాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు, ఏదో మరిచిపోయినట్టు. నా చెంగు జారి ఉంటే భుజం మీదికి సర్దుకోమని సైగ చేశాడు. నువ్వు అడిగావని అమ్మకి చెప్తాలే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎంత ఆప్యాయంగా అన్నాడో ఆ మాట.

"రేపెవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు పిన్నీ. వెళ్ళొచ్చన్నాం, వెళ్ళలేదు. నువ్వు పక్కనే ఉన్నావుగా."